ఉన్ని పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. పర్యావరణానికి హాని చేయని ఉన్ని తయారీలో పనిచేస్తానని పట్టుబడుతోంది. సస్టెయినబిలిటీ ఎంబీఏ మంచిదా, టెక్స్‌టైల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ మంచిదా? గొర్రెల బొచ్చు పట్టుకుని ఏం బతుకుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ భయమంతా ఆ ‘బొచ్చు’ అన్న మాటలో ఉంది. ఆ మాట ఇంట్లో అనకండి. ఇష్టపడి ఎంచుకున్న పనిని కన్నతండ్రే చులకన చేస్తే ఏ పిల్లకైనా మనసు విరుగుతుంది.

అప్పుడే కత్తిరించిన ఉన్నిని గుప్పెట్లోకి తీసుకుంటే చేతికి జిడ్డు అంటుకుంటుంది. అందులో మట్టి, గడ్డిముళ్లు, ఎండిన చెమట ఉప్పు కూడా ఉంటాయి. కడిగినప్పుడు ఇదంతా నీళ్లలోకి దిగుతుంది. శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే ఆ నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి. అదే జిడ్డును సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి శుద్ధిచేస్తే లానోలిన్ అవుతుంది, చర్మానికి రాసుకునే క్రీముల్లో వాడతారు. ఇక వాషింగ్ మెషీన్లో వేసినా ఉన్ని ముడుచుకుపోకుండా ఉండాలంటే, సాధారణంగా పోగు మీది పొలుసులను క్లోరిన్‌తో అరగదీసి, పైన రెజిన్ పూత పూస్తారు. ఆ నీళ్లలోకి చేరే క్లోరిన్ సమ్మేళనాలు హానికరం. అందుకే ప్లాస్మా, ఓజోన్, ఎంజైమ్ పద్ధతుల మీద పని జరుగుతోంది. ఇదంతా మీ అమ్మాయి చదివిన కెమిస్ట్రీయే కదా!

సస్టెయినబిలిటీ ఎంబీఏ మీద నాకు అనుమానాలున్నాయి. పేరు బాగుంటుంది, ఫీజు బరువుగా ఉంటుంది. నేను చూసిన చాలా సిలబస్‌లలో రిపోర్టులు రాయడమే ఎక్కువ, మిల్లు నేల మీద నడవడం తక్కువ. 2016లో వచ్చిన రెస్పాన్సిబుల్ వూల్ స్టాండర్డ్ అనే ఉన్ని సర్టిఫికెట్ ప్రమాణం గొర్రెల సంరక్షణను, మేత భూమిని చూస్తుంది, ఆ ఉన్ని చేతులు మారే ప్రతి దశలోనూ లెక్క అడుగుతుంది. ఆ లెక్క నిజమో కాదో పట్టుకోవాలంటే పని తెలియాలి. ‘సహజం కాబట్టి హాని లేదు’ అని నేర్పే కోర్సైతే అసలే వద్దు. ఉన్ని వల్ల వాతావరణానికి పడే భారంలో పెద్ద వాటా గొర్రె కడుపులో పుట్టే మీథేన్‌దే.

ఎమ్మెస్సీయే నా ఓటు. ఉన్నిలో ఉద్యోగం దొరక్కపోయినా అద్దకం, మురుగునీటి శుద్ధి, నూలు, తోలు, ఎటైనా వెళ్లగలదు. దారులు మూసుకుపోవు, నిశ్చింతగా ఉండండి.

ఫీజు కట్టే ముందు మాత్రం ఉన్ని కడిగే మిల్లులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేయించండి. ఆ వాసన, ఆ వేడినీళ్ల ఆవిరి చూసొచ్చాక కూడా ఇదే చదువుతానంటే, మళ్లీ నన్ను అడగక్కర్లేదు.