మీ ప్రశ్న – మా జవాబు: బి శ్రుతిలో బేస్ గిటార్

ప్రశ్న: మా మెటల్ బ్యాండ్‌లో ఇద్దరివీ ఏడు తీగల గిటార్లు, కింది తీగ బి. అందుకని నా నాలుగు తీగల బేస్‌ను కూడా బి, ఈ, ఎ, డి లకు దించాను. ఒక్కణ్ణే వాయించుకుంటే ఫరవాలేదు. అందరం కలిస్తే మాత్రం గుయ్యిమనే మోతే తప్ప ఏ స్వరం పలుకుతోందో తెలియదు. ఆంప్ మీద బేస్ నాబ్ పూర్తిగా తిప్పినా అంతే. ఏ పెడల్ కొనమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పెడల్ సంగతి తర్వాత, ముందు తీగలు మార్చండి. మామూలు 45–105 సెట్ (అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) ‘ఈ’ (E) శ్రుతి కోసం చేసింది. 41.2 హెర్ట్జ్ ‘ఈ’ (E) తీగను 30.9 హెర్ట్జ్ బి కి దించితే బిగువు దాదాపు 56 శాతమే మిగులుతుంది. అంత వదులు తీగను గట్టిగా మీటితే శ్రుతి ముందు పైకి ఎగిరి, తర్వాత కిందికి జారుతుంది. ఫ్రెట్లకు తగిలి టపటపలాడుతుంది కూడా. ఆ తీగ మీద ఏ పెడల్ పెట్టినా ఆ జారుడే ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

ఐదు తీగల సెట్ (45, 65, 85, 105, 130) కొని, 45 పక్కన పెట్టి మిగతా నాలుగూ ఎక్కించండి. లావు తీగను తెంచేముందు, తెంచే చోటికి కాస్త ఇవతల లంబంగా వంచాలి. లేకపోతే పైచుట్టు వదులైపోయి కొత్త తీగ కూడా చచ్చుగా పలుకుతుంది. 130 తీగ పాత నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) గాడిలో పట్టదు, బలవంతంగా నొక్కితే నట్ పగలవచ్చు. సన్నని గుండ్రటి ఆకురాయితో గాడిని వెడల్పు మాత్రమే చేయండి. లోతు పెరిగితే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జరజరలాడుతుంది, అప్పుడిక కొత్త నట్ వేయించాల్సిందే. చేయి తిరగనివాళ్లు ఈ ఒక్క పనీ రిపేరు చేసేవారికి ఇవ్వడం మేలు. తర్వాత నెక్ వంపు చూసి, 12వ ఫ్రెట్ దగ్గర స్వరం ఉండాల్సిన శ్రుతి కన్నా పైకి పలుకుతుంటే బి తీగ శాడిల్‌ను (కింది చివర తీగ ఆనే ముక్కను) వెనక్కి జరపండి.

పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం) ఎత్తు కూడా చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టినప్పుడు పికప్‌కూ తీగకూ మధ్య 3 మి.మీ. ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగుతుంది, స్వరం వణుకుతుంది.

ఇక ఆ బేస్ నాబ్. దాన్ని మధ్యకు తెచ్చేయండి. రిహార్సల్ గదుల్లోని చిన్న స్పీకర్లు 31 హెర్ట్జ్‌ను సరిగా పలికించలేవు. స్వరాన్ని చెవి పోల్చుకునేది దాని పైనున్న 62, 93, 124 హెర్ట్జ్‌ల నుంచి. ఆ 62 దగ్గరే గిటార్ల కింది బి కూడా ఉంది! అందుకే గిటార్లలో 90 హెర్ట్జ్‌కు కింద ఉన్నది కోయమని మీవాళ్లను ఒప్పించండి. మీ వైపు 250 దగ్గర కొంచెం తగ్గించి, 700–1000 మధ్య 3 డెసిబెల్స్ పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, బ్యాండ్‌లో అదే స్పష్టత.

ప్రశ్న: డిస్టార్షన్ నొక్కగానే కింది బలమంతా పోతోంది. రికార్డింగ్‌లోనూ ఇదే బాధ.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బ్లెండ్ నాబ్ (అసలు శబ్దాన్నీ డిస్టార్షన్ శబ్దాన్నీ కావలసిన పాళ్లలో కలిపేది) ఉన్న పెడల్ వాడండి. డార్క్‌గ్లాస్ బి7కె, శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ రెండింటికీ ఉంది. రికార్డింగ్‌లో ఇంకా తేలిక. ఒకే ట్రాక్‌కు రెండు నకళ్లు తీయండి. మొదటిదాంట్లో 250 హెర్ట్జ్‌కు కింద ఉన్నదే ఉంచి, డిస్టార్షన్ లేకుండా 4:1 కంప్రెషన్ (పెద్ద శబ్దాలను అణిచి ఎగుడుదిగుళ్లు తగ్గించడం) గట్టిగా పెట్టండి. రెండోదాంట్లో 300కు కింద ఉన్నది ముందే కోసి, ఆ తర్వాత డిస్టార్షన్‌కు పంపండి. కోయకుండా పంపితే కింది స్వరమే డిస్టార్షన్‌ను నింపేసి ముద్ద చేస్తుంది. రెండూ కలిపినప్పుడు శబ్దం పల్చబడిందంటే ఫేజ్ తిరగబడినట్టే, ఒకదాని పొలారిటీ మార్చి చూడండి. అయినా కుదరకపోతే ప్లగిన్ వల్ల ఆలస్యమైన ట్రాక్‌ను తరంగం చూసుకుంటూ ముందుకు జరపండి.