షేర్ బటన్ నొక్కకపోయినా మన సమాచారం వెళ్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. అమ్మకు షుగర్ ఎక్కువై కిడ్నీ పరీక్షలు చేయించమన్నారు. రెండు రోజులు ఫోన్లో దాని గురించే చదివాను. ఎక్కడా లాగిన్ కాలేదు, ఎవరికీ షేర్ చేయలేదు. అయినా ఇప్పుడు ఏ సైట్ తెరిచినా కిడ్నీ ఆసుపత్రుల ప్రకటనలే. ఫోన్ హ్యాక్ అయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్రకటనలు మారినంత మాత్రాన ఫోన్ హ్యాక్ అయినట్టు కాదండి. మీరు చదివిన పేజీల్లో ప్రకటనల కోడ్‌తో పాటు వాట్సాప్, ఫేస్‌బుక్ గుర్తులతో షేర్ బటన్ల వరస కూడా ఉండే ఉంటుంది. చాలా సైట్లలో ఆ వరస సైటువాళ్లు సొంతంగా చేసుకున్నది కాదు, షేర్‌దిస్ లాంటి కంపెనీలు ఉచితంగా ఇచ్చే కోడ్. పేజీ తెరవగానే ఆ బటన్లు తెచ్చుకోవడానికి మీ బ్రౌజర్ ఆ కంపెనీ సర్వర్‌ను అడుగుతుంది. అలా అడగడంలోనే మీరు ఏ పేజీ చదువుతున్నారో, మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) ఏమిటో అక్కడికి తెలిసిపోతుంది. మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి కుకీ అనే చిన్న గుర్తింపు ఫైలు కూడా ఫోన్లో పెడతారు. బటన్ నొక్కాల్సిన పనే లేదు.

పూర్ణా మార్కెట్లో ఒక దుకాణదారుడు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటే తప్పేముంది? కానీ ప్రతి దుకాణం గుమ్మంలోనూ ఒకే కంపెనీ మనిషి కూర్చుని, మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో రాసుకుని, ఆ చిట్టా అమ్ముకుంటే? ఉచిత బటన్ల వ్యాపారం ఇదే.

కుకీలు చెరిపేస్తే సరిపోతుందా అంటే, అన్నిసార్లూ సరిపోదు. 2014లో ప్రిన్స్‌టన్, ల్యూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లక్ష ప్రముఖ సైట్లను పరిశీలించారు. 5,500కు పైగా సైట్లలో బ్రౌజర్ చేత కంటికి కనిపించకుండా ఒక బొమ్మ గీయించే కోడ్ దొరికింది. ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్ తేడాల వల్ల ఒక్కో పరికరంలో ఆ బొమ్మ కాస్త వేరుగా వస్తుంది, అదే వేలిముద్రలా పనికొస్తుంది. ఆ సైట్లలో అత్యధిక భాగం యాడ్‌దిస్ అనే షేర్ బటన్ల కంపెనీ కోడ్ వాడినవే. ప్రయోగంగా చేశామని కంపెనీ చెప్పింది. 2016లో దాన్ని ఒరాకిల్ కొన్నది, 2023 మే 31న ఆ సేవను మూసేసింది.

‘మేం పేర్లు సేకరించం’ అని ఇలాంటి కంపెనీలు చెప్పే మాట నాకు సమాధానంగా అనిపించదు. ఇంట్లో జబ్బుమనిషి గురించి భయపడుతూ చదివినవి అమ్మకపు సరుకు కాకూడదు.

క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీస్‌ను (మీరు తెరిచిన సైటు కాక వేరే కంపెనీలు పెట్టేవి) బ్లాక్ చేయండి. ఫైర్‌ఫాక్స్ అయితే తెలిసిన ట్రాకర్ల కుకీలను తనంతట తానే ఆపుతుంది. యాప్‌ల సంగతికొస్తే, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, తర్వాత యాడ్స్ తెరిచి అడ్వర్టైజింగ్ ఐడీ (ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) డిలీట్ చేయండి. ప్రకటనలు పూర్తిగా పోవు, మిమ్మల్ని వెంటాడేవి తగ్గుతాయి. ఈ హడావుడిలో అమ్మగారి పరీక్షలు మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: సీతమ్మధారలో మాకు చిన్న ట్యూషన్ సెంటర్ ఉంది. మా సైట్‌లోనూ ఇలాంటి ఉచిత బటన్లే ఉన్నాయి. తీసేయాలా?

జవాబు: తీసేయండి. మీ సైట్ చూసేది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. 2019లో ఐరోపా న్యాయస్థానం ఫ్యాషన్ ఐడీ అనే బట్టల దుకాణం కేసులో, ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టుకున్న సైటుకు కూడా డేటా సేకరణలో బాధ్యత ఉంటుందని చెప్పింది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా పిల్లల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది, పిల్లలను ట్రాక్ చేయకూడదంటుంది. బటన్ల బదులు వాట్సాప్‌కు మామూలు లింక్ ఇవ్వండి. నొక్కేదాకా ఆ లింక్ వల్ల ఎవరికీ ఏమీ వెళ్లదు. సైట్ చేసినవారిని అడిగితే కాసేపట్లో మార్చేస్తారు, పేజీ కూడా త్వరగా తెరుచుకుంటుంది.