కీత్ మూన్ తాళం తప్పాడా?

ప్రశ్న: బ్రిటిష్ రాక్ బృందం ‘ద హూ’ డ్రమ్మర్ కీత్ మూన్‌ను అంతగా మెచ్చుకుంటారెందుకు? నాకైతే తాళం తప్పినట్టే వినిపిస్తుంది.

జవాబు: తప్పలేదండీ. తాళానికి కాపలా కాయడమే తన పని అనుకోలేదాయన. మామూలుగా రాక్ డ్రమ్మర్ హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట కంచు పళ్లేలు) మీద లెక్క నడిపిస్తూ, పాట మలుపుల్లో మాత్రమే టామ్‌ల (వేర్వేరు స్వరాల్లో మోగే చిన్న డ్రమ్ముల) మీదికి వెళతాడు. మూన్ హై-హ్యాట్‌ను చాలావరకు పక్కన పెట్టి, గాయకుడు పాడుతుండగానే టామ్‌లన్నీ చుట్టి వస్తాడు. సింబల్స్ అనే కంచు పళ్లేల హోరు ఆగదు. కాళ్ల దగ్గర, కాలితో మోగించే పెద్ద బాస్ డ్రమ్ములు రెండు. ఈసారి డ్రమ్స్ మీదే చెవి పెట్టండి, ఆ దెబ్బలు గాయకుడి మాటలను వెంబడిస్తుంటాయి. ఇంతగా వాయించే మనిషికి డ్రమ్ సోలోలంటే, అంటే మిగతావాళ్లు ఆగి డ్రమ్మర్ ఒక్కడే వాయించడమంటే, గిట్టదు! ఆయన గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

1946లో లండన్‌లో పుట్టి, 1964లో బృందంలో చేరాడు. 1967లో అమెరికా టీవీ కార్యక్రమంలో డ్రమ్ములో మందుగుండు పేల్చిన సంగతే అందరూ చెబుతారు. దాన్నిబట్టి ఆయనను అంచనా వేయకండి. మద్యం మాన్పించడానికి ఇచ్చిన మాత్రలే మోతాదు మించి, 1978లో 32 ఏళ్లకే ప్రాణం తీశాయి. ఎంత అన్యాయం! 1970 నాటి లీడ్స్ విశ్వవిద్యాలయ కచేరీ రికార్డుతో మొదలుపెట్టండి, శబ్దం బాగా పెంచి.