వెన్నులో ఇంజెక్షన్ వేయించుకోవాలా? ముందు నొప్పి నడుములోనో కాల్లోనో తేల్చుకోండి

నడుము కింది భాగంలో ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అంటే ఎల్4-ఎల్5 డిస్క్ జారిందని, రెండు నెలలుగా ఎడమ కాలు లాగుతోందని, ఇక్కడ బెంగళూరు డాక్టరు ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ (వెన్నులో నరాల పక్కకు స్టెరాయిడ్ మందు ఎక్కించేది) వేద్దామంటున్నారని, ఊళ్ళో అమ్మగారేమో వెన్నులో సూది వద్దే వద్దని ఏడుస్తున్నారని రాశారు. నేను వేయించుకున్నాను. మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ వేయించుకుంటాను. అలాగని నడుము నొప్పి అన్న ప్రతివాళ్ళకూ వేయించుకోమని చెప్పను.

మాది హిందూపురం. పెళ్ళయిన దగ్గర్నుంచి కె.ఆర్.పురం వైపే ఉంటున్నాం. పీయూ కాలేజీలో, అంటే మన ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నాకు జారింది మీదానికి కింద ఉండే ఎల్5-ఎస్1 డిస్క్. నడుములో నొప్పి పెద్దగా లేదు. కుడి పిర్ర దగ్గర మొదలై, తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్ణుంచి పాదం బయటి అంచుదాకా కరెంటు తీగ పెట్టినట్టు లాగేది. తుమ్ము వస్తోందంటే గోడ పట్టుకునేదాన్ని. బోర్డు మీద పై వరసలో సమీకరణం రాద్దామని మునివేళ్ళ మీద లేవబోతే ఎడమ మడమ లేచేది, కుడి మడమ లేచేది కాదు.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ఎంఆర్ఐ ఫిల్మును లైటుకు పెట్టి చూశారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూడనే లేదు. కౌంటర్ దగ్గర మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ అని కాగితం చేతిలో పెట్టి, ఇవాళే కడితే తగ్గింపు అన్నారు. ఒళ్ళు మండిపోయింది. మొదటిది పనిచేస్తుందో లేదో తెలియకముందే మూడోదానికి డబ్బు ఎందుకు కట్టాలి? పైగా ఆ ఫిల్ము ఒక్కదాన్నే చూసి భయపడాల్సిన పని లేదు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేని నలభై ఏళ్ళ వాళ్ళకు స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టు రాగానే దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి చుట్టాలందరి చేతా వైద్యం చెప్పించుకునే అలవాటు మనవాళ్ళు ఎప్పుడు మానుకుంటారో.

రెండో డాక్టరు పెద్దాయన, కన్నడిగులు. నా హిందూపురం కన్నడ విని నవ్వి, తెలుగులోనే మాట్లాడారు. మొదట అడిగింది ఒకటే: "ఎక్కువ బాధ నడుములోనామ్మా, కాల్లోనా?" కాల్లోనే అన్నాను. కాలు ఎత్తి చూశారు, మడమల మీదా మునివేళ్ళ మీదా నడిపించారు. ఆ తర్వాతే ఫిల్ము తీశారు. "ఇంజెక్షన్ డిస్కును వెనక్కి నెట్టదు, నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. బయటికొచ్చిన ముక్క చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. అప్పటిదాకా మీరు నిద్రపోవాలి, నడవాలి. ఇది అందుకే" అన్నారు. దీనికంటే నిజాయితీగా ఎవరూ చెప్పలేరని నా అభిప్రాయం.

ఆ రోజు జరిగింది వివరంగా చెబుతాను, మీ అమ్మగారికి చదివి వినిపించండి. థియేటర్లో బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టారు. నడుము మీద బెటాడిన్ పూస్తుంటే చల్లగా పక్కలకు కారింది. పైన సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం, పక్కన తెర. మొద్దుబార్చే మందు ఎక్కించినప్పుడు చురుక్కుమంది. ఆ తర్వాత నొప్పి లేదు గానీ లోపలెక్కడో గట్టిగా ఒత్తుతున్నట్టు ఉంది. ఎక్స్‌రేలో కనిపించే రంగు మందు కొంచెం వదిలారు. తల పక్కకు తిప్పి చూస్తే తెర మీద నరం వెంబడి సన్నటి నల్లగీత పాకుతోంది. స్టెరాయిడ్ లోపలికి వెళ్తుండగా, ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించిన నొప్పే అచ్చంగా అదే దారిలో చిటికెన వేలిదాకా దిగింది. కేక పెట్టాను. "రోజూ వచ్చే నొప్పి ఇదేనామ్మా?" అన్నారు. "ఇదే సార్" అన్నాను. "అయితే సరైన చోటే ఉన్నాం" అన్నారు. సిస్టర్ నా చెయ్యి పట్టుకునే ఉంది.

రాత్రికి నొప్పి తిరిగొచ్చింది. మా ఆయనకు ఒకటే టెన్షన్. కానీ ఈ సంగతి ముందే చెప్పారు: మొద్దుబార్చే మందు కొన్ని గంటల్లో దిగిపోతుంది, స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ముఖం ఎర్రబడింది, నిద్ర పట్టలేదు. అవి కూడా స్టెరాయిడ్ వల్లే. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూసుకుంటే కుడివైపు ఒత్తిగిలి పడుకుని ఉన్నాను. అలా పడుకుని ఎన్నాళ్ళయిందో! మడమలో బలం మాత్రం మెల్లగా, వ్యాయామాలు చేస్తూ పోతేనే తిరిగొచ్చింది.

ఇక పరిశోధనల సంగతి. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2020లో 25 అధ్యయనాలను కలిపి చూసింది. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే కాలి నొప్పి కొద్దికాలం పాటు, నూరు పాయింట్ల కొలతలో సుమారు ఐదు పాయింట్లు మాత్రమే అదనంగా తగ్గిందని తేల్చింది. 2025లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో నిపుణుల బృందం మూడు నెలలు దాటిన దీర్ఘకాలిక వెన్ను నొప్పికి ఇవి వద్దనే సలహా ఇచ్చింది. చదివాను. అయినా నా మాట నాదే. సగటు లెక్కలో నాలా బాగా తగ్గినవాళ్ళూ, అసలేమీ తగ్గనివాళ్ళూ కలిసిపోతారు. నొప్పి నడుములోనే ఉండి కాల్లోకి దిగకపోతే మాత్రం డబ్బు దండగ చేసుకోకండి. మీది ఎల్4-ఎల్5 కాబట్టి సాధారణంగా నలిగేది ఎల్5 నరం. లాగడం పిక్క బయటివైపు నుంచి పాదం పైకి, బొటనవేలి దాకా వస్తోందా? అలా వస్తుంటే ఇంజెక్షన్ గురించి ఆలోచించవచ్చు.

వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పే అన్న భయం మన ఆడవాళ్ళలో సిజేరియన్ మత్తు ఇంజెక్షన్ నుంచి పాతుకుపోయింది. మా అత్తమ్మ కూడా అదే అని, పుత్తూరు కట్టు కట్టించుకోమంది. పుత్తూరు వాళ్ళ పేరు విరిగిన ఎముకల దగ్గర, నలిగిన నరానికి కట్టు ఏం చేస్తుంది? అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. చాలా అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం లాంటివి జరిగాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. అందుకే ఎక్స్‌రే చూడకుండా గుడ్డిగా వేస్తామంటే ఒప్పుకోవద్దు. షుగర్ ఉంటే కొన్ని రోజులు బాగా పెరుగుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి. మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఇంజెక్షన్ సంగతి పక్కనపెట్టి అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇంజెక్షన్ వల్ల దొరికిన వెసులుబాటును నేను నడకకు, ఫిజియో నేర్పిన వ్యాయామాలకు వాడుకున్నాను. చాలామంది మూడో రోజే స్కూటరెక్కి హంపుల మీద ఎగురుతూ ఆఫీసుకు పోతారు. నా డిస్కును జార్చింది కాలేజీ దారిలోని ఆ హంపులూ గుంతలే, ఇందులో నాకు అనుమానమే లేదు. రెండో కారణం నిలబడటం. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కును చట్టంలో పెట్టాయి. రోజంతా నిలబడి పాఠాలు చెప్పేవాళ్ళ గురించి ఎవరికీ పట్టదు. క్లాసులో ఎత్తు స్టూలు కోసం నేను డాక్టరు చీటీ పట్టుకుని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడాల్సి వచ్చింది. మీరు ఇంజెక్షన్ వేయించుకున్నా మానుకున్నా, ఆఫీసులో కుర్చీ మార్చమని, మధ్యమధ్యలో లేచి నడవనివ్వమని ఒక చీటీ ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే రాయించుకోండి.