సీరియల్ కిల్లర్‌ను పట్టుకునే చదువు ఏది? ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాస్తుంది గానీ సీటు మీద ఆశ తక్కువ. క్రైమ్ సిరీసులు చూసి చూసి డిటెక్టివ్ అవుతానంటోంది, సీరియల్ కిల్లర్లను పట్టుకుంటుందట. వాళ్ల నాన్నగారేమో నర్సింగ్ అంటున్నారు. ఈ ఫోరెన్సిక్ చదువు సంగతేమిటి? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల శవాల మధ్య పనిచేయాలా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. నేరాల సాక్ష్యాలను పరీక్షించే ఫోరెన్సిక్ ల్యాబులో శవాలుండవు. సీలు వేసిన సీసాలు, కాగితపు కవర్లు, ఫోన్లు, హార్డ్‌డిస్కులు, తూటాలు, సంతకాల కాగితాలు వస్తాయి. శవపరీక్ష ఆస్పత్రి మార్చురీలో డాక్టరు చేస్తారు. ఘటనాస్థలానికి వెళ్లే క్లూస్ టీమ్‌లో చేరితే మాత్రం చూడక తప్పదు. ఇక డిటెక్టివ్ అనే పోస్టు మన పోలీసు శాఖలో లేదు. దర్యాప్తు ఎస్సై, సీఐ, డీఎస్పీల పని. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలకు ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంబంధాల వాకబులే. వాళ్లకు అరెస్టు చేసే అధికారం లేదు. దొంగచాటుగా ఎవరి కాల్ డేటా తీసినా వాళ్లే కేసులో ఇరుక్కుంటారు.

మీ అమ్మాయి కోరుకునే పని ఎలా ఉంటుందో చూడాలంటే మన పక్కనే ఏలూరు ఉంది. 2019 నవంబరులో అక్కడి పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. నాటి ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో 20 నెలల్లో 10 మందిని సైనైడ్ కలిపిన ప్రసాదం పెట్టి చంపాడని అభియోగం. సంపద పెంచే నాణెం ఉందని నమ్మించి డబ్బు, నగలతో రమ్మనేవాడని పోలీసులు చెప్పారు. ఆ మరణాల్లో చాలావాటిని ఇళ్లవాళ్లు గుండెపోటే అనుకున్నారు. ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు మాత్రం, ఇంటి నుంచి తీసుకెళ్లిన నగదు, బంగారం ఏమయ్యాయని కుటుంబం అనుమానపడింది. పోస్టుమార్టం జరిగింది, కాల్ డేటా తీశారు. మిగతా మరణాలన్నీ ఆ ఒక్క తీగ లాగితే కదిలిన డొంక.

ఇలాంటివాడు అన్నాళ్లు ఎలా తప్పించుకుంటాడని అందరూ అడుగుతారు. ఒక మనిషి వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువమందిని చంపితే సీరియల్ హత్యలు అని అమెరికా ఎఫ్‌బీఐ లెక్క. కానీ ఏ స్టేషన్‌కైనా వచ్చేది ఒకే శవం. ఫిర్యాదులో హత్య అనకపోతే అది అనుమానాస్పద మృతిగా, కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194 కింద నమోదవుతుంది. పాతవాళ్లు 174 కేసు అంటారే, అదే. రెండోది పక్క స్టేషన్‌లో, మూడోది గోదావరి అవతల. 2022లో జిల్లాలు విడిపోయాక సరిహద్దులు ఇంకా పెరిగాయి. మూడు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి చేరితే తప్ప పోలిక కనబడదు. కాబట్టి పట్టివేత మొదలయ్యేది ఏదో ఒక మరణం దగ్గర ఎవరో ఒకరు పోస్టుమార్టం కావాలని పట్టుబట్టినప్పుడే.

మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కు. ఎక్కువమంది దహనం చేస్తారు. బూడిదలో సైనైడ్ వెతకలేం. పూడ్చిన శవమైతే మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో తవ్వి తీయొచ్చు గానీ కాలం అక్కడా శత్రువే. కేరళ కూడత్తాయి కేసు చూడండి. 2002 నుంచి 2016 దాకా ఒకే కుటుంబం, బంధువుల్లో ఆరుగురు పోయారు. 2011లో పోయినాయనకు అప్పుడే పోస్టుమార్టం చేయడంతో సైనైడ్ దొరికింది. 2019లో సమాధులు తవ్వి తీసిన వాటిలో నాలుగు మృతదేహాల అవశేషాల్లో విషం ఆనవాలు లేదని కేంద్ర ల్యాబు నివేదిక ఇచ్చింది. సైనైడ్ కుళ్లే శరీరంలో నిలకడగా ఉండదు, పైగా కుళ్లేటప్పుడు కొంత దానంతటదే పుట్టవచ్చు కూడా. ఏళ్ల తర్వాత వచ్చిన ఫలితం ఎటు వచ్చినా డిఫెన్సు లాయరుకు పనికొస్తుంది.

ల్యాబు ఉద్యోగం ఎలాంటిదో తెలియాలంటే ఒక విసెరా సీసాను, అంటే శవంలోంచి పరీక్షకు తీసిన అవయవాల సీసాను, దగ్గరగా చూడాలి. విషం అనుమానముంటే డాక్టరు జీర్ణాశయాన్ని అందులో ఉన్నదానితో సహా, చిన్నపేగు మొదటి అడుగు మేర ఒక సీసాలో వేస్తారు. సుమారు అరకిలో కాలేయం, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఇంకో సీసాలో. రక్తం 10 మిల్లీలీటర్లు సోడియం ఫ్లోరైడ్ ఉన్న చిన్న సీసాలో. సైనైడ్ అనుమానమైతే ప్లీహం, మెదడు, ఊపిరితిత్తి ముక్కలు కూడా తీస్తారు. అవయవాలు మునిగేలా, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి. సీసా మూడింట రెండు వంతులే నింపాలి. మే నెలలో మూతి దాకా నింపితే లోపల గ్యాసు పుట్టి మూత ఎగిరిపోతుంది, లేదా సీసాయే పగులుతుంది. ఉప్పునీళ్ల బదులు ఫార్మలిన్ అనే నిలవ రసాయనం పోస్తే కణజాలం గట్టిపడి విషాన్ని బయటికి లాగడం కష్టమవుతుంది. ల్యాబుకు వచ్చే తప్పుల్లో ఇదొకటి. ఇంకొకటి, వాడిన ఉప్పునీళ్ల నమూనా విడిగా పంపకపోవడం. విషం ఆ ఉప్పులోంచే రాలేదని ఎలా చెప్పాలి? లక్క సీలు, పంపిన సీలు నమూనా ఒకటి కాకపోతే సీసా తెరవకుండానే వెనక్కి పోతుంది. ఇదంతా సరిగ్గా ఉంటేనే మిశ్రమంలోని రసాయనాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మెషీన్ ముందు కూర్చునే అమ్మాయికి పని మొదలవుతుంది. చేదు బాదం వాసన వస్తే సైనైడ్ అని సినిమాల్లో చెబుతారు గానీ, చాలామంది ముక్కుకు ఆ వాసన పుట్టుకతోనే అందదు.

మన డెల్టాకే ప్రత్యేకమైన పని కాలువ శవాలు. బతికుండగా మునిగాడా, చంపి పడేశారా? మునిగేటప్పుడు ఊపిరితో పాటు డయాటమ్‌లనే కంటికి కనబడని నాచు కణాలు లోపలికి పోతాయి, గుండె కొట్టుకుంటుంటే అవి రక్తంతో ఎముక మూలుగ దాకా చేరతాయి. అందుకే తొడ ఎముకను పగలకుండా పంపిస్తారు. మూలుగను నైట్రిక్ ఆమ్లంలో మరిగించి మిగిలింది మైక్రోస్కోపు కింద చూస్తారు, శవం దొరికినచోటి నీళ్లతో పోలుస్తారు. లాకుల మీదుగా శవం ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఉంటే ఎగువ నీళ్లు కూడా తీయాలి. ఈ పరీక్షను ఒంటరిగా నమ్మరు. మునిగినవాళ్లందరిలోనూ డయాటమ్‌లు దొరకవు, గిన్నెలోంచి కలిసిపోయే ప్రమాదమూ ఉంది.

తేమ ఇంకో తంటా. రక్తం అంటిన బట్టను తడిగానే ప్లాస్టిక్ కవర్లో కడితే రెండు రోజుల్లో బూజు పట్టి డీఎన్ఏ చెడుతుంది. నీడన ఆరబెట్టి, ఒక్కో బట్టను విడి కాగితపు కవర్లో పెట్టాలి. ఈ చిన్న సంగతి తెలియక పోయిన సాక్ష్యానికి ల్యాబులో ఎంత పెద్ద మెషీన్ ఉన్నా ఏమీ చేయలేం.

ఫోన్ల వైపు చూస్తే, ప్రతి ఘటన సమయానికి ఆ చుట్టుపక్కల టవర్లలో ఉన్న నంబర్లన్నీ తెప్పించి, అన్ని జాబితాల్లోనూ ఉన్నదాన్ని ఏరతారు. సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్ ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకూ ఉండే ప్రత్యేక నంబరు) పట్టిస్తుంది. కానీ పల్లెల్లో ఒక టవరు కిలోమీటర్ల మేర కాస్తుంది. మనిషి ఆ పరిధిలో ఉన్నాడని చెబుతుంది గానీ ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పదు. సీసీ ఫుటేజీ కొద్ది వారాల్లో దానిమీదే కొత్తది ఎక్కి చెరిగిపోతుంది, కాబట్టి మొదటి రోజే కాపీ చేయాలి. కెమెరా రికార్డరు (డీవీఆర్) గడియారం ఎన్ని నిమిషాలు ముందో వెనకో పక్కనే రాసుకోవాలి, లేదంటే కాల్ డేటాతో సమయాలు కలవవు. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) తప్పనిసరి.

డీఎన్ఏ గురించి మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి ఒక్కటే చెబుతాను. దాన్ని మొదటిసారి హత్య కేసులో వాడిన ఇంగ్లండ్ లీస్టర్‌షైర్‌లో, 1986లో అది ముందు చేసిన పని నేరం ఒప్పుకున్న ఒక యువకుణ్ని నిర్దోషిగా తేల్చడం. సుమారు 5,000 మంది నుంచి నమూనాలు తీశారు. అసలు హంతకుడు తన బదులు తోటి ఉద్యోగిని పంపాడు. ఆ ఉద్యోగి నోరు జారితేనే దొరికాడు. మన చట్టంలో పోలీసులకు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. అందుకే ల్యాబు కాగితానికి అంత విలువ.

ఇప్పుడు చదువు సంగతి. ఇంటర్ తర్వాత నేరుగా చేరాలంటే గాంధీనగర్ ప్రధాన కేంద్రంగా ఉన్న జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల బీఎస్సీ-ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశపరీక్ష ఎన్ఎఫ్ఏటీ. అది వస్తే ఆలోచించకుండా పంపండి. రాకపోతే, ఊరికో ప్రైవేటు కాలేజీ పెట్టిన మూడేళ్ల ఫోరెన్సిక్ డిగ్రీ కంటే కెమిస్ట్రీ ఉన్న మామూలు బీఎస్సీ మేలని నా అభిప్రాయం. తర్వాత కెమిస్ట్రీలో గానీ ఫోరెన్సిక్‌లో గానీ ఎమ్మెస్సీ చేయొచ్చు. ల్యాబు పోస్టులకు చాలాసార్లు మూల సైన్సు సబ్జెక్టులో పీజీ అడుగుతారు. ఫోరెన్సిక్ డిగ్రీ ఒక్కటే ఉంటే కొన్ని నోటిఫికేషన్లకు అర్హత దొరక్క ఏడ్చేవాళ్లున్నారు. ప్రైవేటు కాలేజీయే అంటారా, చేరే ముందు రెండు నమూనాలను పక్కపక్కన చూపే కంపారిజన్ మైక్రోస్కోపు, క్రొమటోగ్రాఫ్ సొంతంగా ఉన్నాయా, ఇంటర్న్‌షిప్‌కు ఏ ప్రభుత్వ ల్యాబుకు పంపుతారు అని అడిగి, ల్యాబు గది తలుపు తీయించి చూడండి.

ఉద్యోగాల మాట. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలన్నింటిలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. కాబట్టి మనుషుల అవసరం పెరుగుతుంది. నోటిఫికేషన్లు మాత్రం ఏటా రావు. ఆ మధ్యకాలంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఖాళీగా ఉండనివ్వదు. విషాలు పట్టే మెషీన్ల మీదే పరవాడ మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షలు, ఎగుమతి రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు చేస్తారు.

నీట్‌లో సీటు వస్తే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ ఉంది, దానికి పోటీ తక్కువ. మార్చురీలో పని అదే. నేరుగా కేసు చేతిలోకి కావాలంటే ఏ డిగ్రీతోనైనా ఎస్సై పరీక్ష రాయాలి. కంప్యూటర్ల మీద మక్కువ ఉంటే డిజిటల్ ఫోరెన్సిక్. బైపీసీ వాళ్లకు అది చుట్టుదారి.

పరీక్షలయ్యాక ఒక పని చేయించండి. మీ వంటగదిని పంచనామా రాసినట్టు రాయమనండి. గుమ్మం, కిటికీ లాంటి కదలని రెండు గుర్తుల నుంచి ప్రతి వస్తువుకూ టేపుతో కొలత, పటం, సమయం ఉండాలి. "బహుశా", "అనిపిస్తోంది" అన్న మాటలు ఉండకూడదు. మర్నాడు మీరు ఒక గిన్నె జరిపి, ఆ కాగితంతో పోల్చి ఏది కదిలిందో చెప్పమనండి. రెండు గంటలు విసుగు లేకుండా చేస్తే ఎన్ఎఫ్ఏటీకి దరఖాస్తు పెట్టించండి. అరగంటకే ఫోన్ పట్టుకుంటే నాన్నగారు చెప్పిన నర్సింగ్ గురించి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఉద్యోగం అందులో తొందరగా వస్తుంది.