బ్రోకర్ అంటారనా, తాతలా అయిపోతాడనా మీ భయం?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీబీఏ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ఆఫీసు బిల్డింగులు లీజుకు ఇప్పించే కంపెనీలో చేరతానంటున్నాడు. ఆదివారం వస్తే బస్తీ పిల్లల ట్యూషన్ సెంటర్‌కు వెళ్లిపోతాడు. అంత సేవ చేయాలనుంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, కంపెనీల సేవా కార్యక్రమాలు చూసే సీఎస్ఆర్ ఉద్యోగం చూసుకోమన్నాం. రెండింటిలో ఏది మంచిది? మా మామగారు ఊరికి సేవ అంటూ మూడెకరాలు పోగొట్టారు.
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యంలోనే ఉంది. కోర్సుల మాట తర్వాత చూద్దాం.

మీ మామగారి చేతిలో ఉన్నది పొలం ఒక్కటే. ఇవ్వాలనిపించినప్పుడల్లా అదే ఇచ్చారు. మీ అబ్బాయి చేతికి ఒక పని వస్తుంది. పనితో చేసే సాయానికి ఆస్తి కరగదు. ఆ ట్యూషన్ సెంటర్‌నే చూడండి. ఇలాంటివి చాలావరకు పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఓ అద్దె గదిలో నడుస్తాయి. ఓనరు ఖాళీ చేయమన్న రోజున పిల్లలు రోడ్డు మీదే. లాక్-ఇన్ (మధ్యలో ఒప్పందం తెంచుకోకూడని గడువు) ఎన్నాళ్లు, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, రిపేర్లు ఎవరివి అని సంతకానికి ముందే అడగగలిగిన మనిషి ఒక్కడుంటే ఆ సెంటర్ నిలబడుతుంది. లీజింగ్‌లో పనిచేసేవాడికి ఇది రోజూ చేసే పనే.

అమెరికాలో జేమ్స్ రౌస్ అని ఒకాయన ఉండేవారు. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోయారు, ఇల్లు అప్పుకింద పోయింది. బాల్టిమోర్‌లో ఓ గ్యారేజీలో కార్లు పార్క్ చేసే పని చేస్తూ రాత్రిపూట లా చదివారు. తాకట్టు రుణాల వ్యాపారంతో మొదలుపెట్టి షాపింగ్ మాల్స్ కట్టారు. మేరీల్యాండ్‌లో కొలంబియా అనే ఊరినే కట్టి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్క ఇళ్లలో ఉండాలని పట్టుబట్టారు. అది 1967 నాటి మాట. తర్వాత కొన్నేళ్లకు వాషింగ్టన్‌లో ఒక చర్చి వాళ్లు, పాడుబడ్డ అపార్ట్‌మెంట్లు కొని పేదలకు బాగుచేసి ఇస్తామంటూ ఆయన్ని సలహా అడిగారు. మొదట వద్దనే చెప్పారాయన. వాళ్లు వినలేదు. అప్పుడు అప్పు పుట్టించి పెట్టారు. 1982లో భార్య ప్యాటీతో కలిసి, పేదల ఇళ్ల కోసం ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ పెట్టారు. ఆ ‘వద్దు’ అన్నమాట నాకు బాగా నచ్చుతుంది. లెక్క తెలిసినవాడు కాబట్టే భయపడ్డాడు, లెక్క తెలిసినవాడు కాబట్టే దారి చూపించాడు.

ఇక సీఎస్ఆర్. ఈమధ్య ప్రతి మూడో తల్లీ ఇదే అడుగుతున్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సేవకు ఖర్చుపెట్టాలి, నిజమే. కానీ ఖర్చుపెట్టడం వేరు, మనుషుల్ని పెట్టుకోవడం వేరు. ఒక్కో కంపెనీలో ఆ పని చూసేది ఇద్దరో ముగ్గురో. వాళ్ల రోజంతా రిపోర్టులు, ఫొటోలు, బిల్లులతోనే గడుస్తుందని నా దగ్గరికి వచ్చినవాళ్లు చెప్పుకుంటారు. ఎంఎస్‌డబ్ల్యూ మంచి చదువే. బస్తీలో, ఆసుపత్రిలో మనుషుల మధ్య పనిచేయాలనుకునేవాళ్లు చదవాలి. నలుగురిలో గౌరవంగా వినిపిస్తుందని పిల్లాణ్ని అందులోకి తోయకండి.

రియల్ ఎస్టేట్‌కు ప్రత్యేకంగా ఎంబీఏ అంటూ లక్షల ఫీజుతో వచ్చే ప్రకటనల మీదా నాకు అనుమానమే. ముందు రెండేళ్లు మాదాపూర్‌లో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఎండలో తిరిగి, ఏ బిల్డింగులో ఏ ఫ్లోర్ ఖాళీగా ఉందో కాగితం చూడకుండా చెప్పగలిగితే, అప్పుడు ఆలోచించవచ్చు. ఒక్కో డీల్ నెలల తరబడి సాగుతుంది, ఆఖర్లో క్లయింటు మనసు మారితే అంతా వృథా. మొదట్లో టెన్షన్ తప్పదు. జీతంలో ఫిక్స్‌డ్ ఎంత, ఇన్సెంటివ్ ఎంత అన్నది ఆఫర్ లెటర్‌లోనే చూసుకోమనండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ‘బ్రోకర్ అంటారేమో’ అని మీ ఉత్తరంలో రాయలేదు గానీ, అది కాగితం వెనక కనిపిస్తూనే ఉంది. ప్లాటు కొనేటప్పుడు మనందరికీ బ్రోకర్ కావాలి, సంబంధం చూసేటప్పుడు మాత్రం అక్కర్లేదు! 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం వచ్చాక ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు కూడా రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. మన నోటి మాట ఇంకా మారలేదంతే.

సేవను విజిటింగ్ కార్డులు పంచుకునే చోటుగా వాడుకునేవాళ్లు ఈ రంగంలో ఉన్నారు, కాదనను. మీవాడు అలాంటివాడైతే మీకీ భయమే ఉండేది కాదు.

వచ్చే ఆదివారం అతనితోపాటు మీరూ ఆ ట్యూషన్ సెంటర్‌కు వెళ్లండి. ఆ గది అగ్రిమెంటు ఎప్పటితో అయిపోతుందని అడగండి. టక్కున చెబితే మీరు నిశ్చింతగా ఖమ్మం బస్సెక్కేయచ్చు. తెలియదంటే, ఉద్యోగంలో చేరేలోపు తెలుసుకు రమ్మని పంపండి.