వెన్నెల రాత్రిని సర్రియల్‌గా వేస్తే పోస్టర్‌లా ఎందుకొస్తోంది?

సర్రియల్‌గా, అంటే కలలోలా వింతగా వెయ్యాలని నీలం దట్టంగా పూసి, పెద్ద చందమామని పెట్టి, గాల్లో చేపల్ని ఎగరేసినా కలలా రావట్లేదు, సినిమా పోస్టర్‌లా ఉందని రాశారు కదా, చదివి నవ్వొచ్చింది, ఇవే తిప్పలు నేనూ పడ్డాను. మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా, పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. షాపులకి బోర్డులు రాస్తాను, పైన ఒడియా కింద తెలుగు, ఖాళీ దొరికితే కాన్వాస్ మీద ఏదో ఒకటి వేస్తుంటాను.

మొదటిసారి మహేంద్రతనయ ఏటి ఒడ్డున వెన్నెల వేశాను. కరిగిపోయే గడియారం, కొండకి కళ్ళు, ఎగిరే పడవ, చేతికొచ్చినవన్నీ పెట్టీశాను. మా మావ చూసి "ఏట్రా ఇది, పగటేల నీలం కళ్ళద్దాలు ఎట్టుకుని తీర్థానికి ఎల్లినట్టుంది" అనీశాడు. బాధేసింది గాని ఒక్క మాటలో రెండు తప్పులూ చెప్పీశాడు.

మొదటిది వెలుగు. ఓ పున్నమి రాత్రి కరెంటు పోతే డాబా మీద కూర్చున్నాను, కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి అరగంట పట్టింది, ఫోన్ ముట్టుకోకుండా కూర్చుంటేనే సుమా. దండెం మీద మా చెల్లి ఎర్ర చీర నల్లగా అయిపోయింది, పక్కనున్న అరిటాకులు మాత్రం బూడిద రంగులో తెల్లగానే తెలుస్తున్నాయి. తర్వాత చదివితే తెలిసింది, దీన్ని 1800ల మొదట్లోనే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించాడట, వెలుగు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు ముందు చచ్చిపోతుంది, నీలం ఆకుపచ్చా కాసేపు నిలబడతాయి. నిండు పున్నమి వెలుగు కూడా ఎండలో సుమారు 4 లక్షల్లో ఒక్క వంతే. కాబట్టి నీలం పుయ్యడం కాదండీ, రంగులు తీసెయ్యడం. నేను ట్యూబులో నలుపు వాడను, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలుపుతాను, ఆ చీకటిలో లోతుంటుంది. చందమామని కూడా తగ్గించండి, చెయ్యి చాపి చిటికెన వేలు అడ్డం పెడితే దాగిపోయేంతే ఉంటాడు, మనమే పళ్ళెమంత వేసేస్తాం.

రెండోది వింత, తీర్థంలో (జాతరలో) లాగ అన్నీ ఒక్కచోటే పోగేశాను. బెల్జియం పెయింటర్ మాగ్రిట్ బొమ్మలు చూడండి. 1956లో వేసిన 'సెప్టెంబర్ పదహారు'లో ఓ పెద్ద చెట్టు, దాని కొమ్మల ముందు నెలవంక, అంతే. ఆకుల వెనకాల దాగాల్సిన చంద్రుడు ముందుకొచ్చాడు, మిగతా చెట్టూ నేలా మామూలే. 'వెలుగుల సామ్రాజ్యం' అని ఇంకోటుంది, చాలాసార్లు వేశాడు, కింద వీధి దీపంతో రాత్రి, పైన మబ్బులతో పట్టపగలు. ఏ ముక్కకా ముక్క నిజాయితీగా ఉంటుంది, కలిపి చూస్తేనే వొళ్ళు జలదరిస్తుంది. (1954 నాటిది 2024 నవంబర్లో న్యూయార్క్ వేలంలో 12 కోట్ల డాలర్లు దాటింది, మన బోర్డుకి అడుగుకింత అని బేరాలాడతారు.)

అప్పట్నుంచి నాది ఒకటే లెక్క, వింత ఒక్కటే, అది తప్ప అంతా సాక్ష్యం చెప్పేంత మామూలుగా ఉండాలి. పోయినేడు మా పెరడు వేశాను, పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు నీడ, కుడితి గోలెం, దగ్గర్లో ఆవు. ఆకాశంలో చందమామ లేడు, గోలెంలో ఉన్నాడు. నీడలన్నీ మాత్రం పైనున్నట్టే పడుతున్నాయి. ఆ నీడలకి మూడు రాత్రులు పట్టింది, గోలెంలో చందమామకి పది నిమిషాలు. మీరు చేపలకి పెట్టిన టైం నేలకి పెట్టి చూడండోసారి.

మా అమ్మకి సర్రియలిజం గిర్రియలిజం తెలీదు, చాలాసేపు చూసి "ఒరే, ఆవు తాగీస్తే ఊరంతా చీకటైపోద్దేట్రా?" అంది. ఆ మాటతో, మొదట మావ అన్న మాటని క్షమించీశాను.

ఇంకోటి, బొమ్మని ఫొటో తీసేటప్పుడు ఫోన్లో నైట్ మోడ్ ఆపీండి, కష్టపడి తెచ్చిన చీకటంతా పగలు చేసేస్తది.